తాడు వదిలే ముందు చెప్పేది

మా అత్త పోయిన వార్త నాకు తిరువలం వంతెన దాటాక, రోడ్డు మీద అందింది. ఆదివారం పొద్దున. ఫోను మోగితే సైకిలు ఆపి చూశాను. బావ.

"పాపా, అమ్మ పోయింది. ఇప్పుడే. కాఫీ అడిగింది, నేను తెచ్చేలోపల పోయింది" అన్నాడు.

ముందురోజు సాయంత్రమంతా నేను ఆమె మంచం పక్కనే ఉన్నాను. "రేపు ఆదివారం కదా, సైకిలు తొక్కేదానికి పోవా? ఈడ కూర్చోని ఏం జేస్తావు?" అని ఆమే నన్ను వేలూరికి పంపించేసింది. నేను పోనని మొండికేసి ఉంటే ఎంత బాగుండేదో అని కల్వర్టు గోడ మీద కూర్చుని చాలాసేపు అనుకున్నాను.

బస్సు కోసమో ఆటో కోసమో చూడాలని తోచలేదు. సైకిలు వెనక్కి తిప్పి కాట్పాడి, గుడియాత్తం మీదుగా వాళ్ళ పల్లె దాకా తొక్కాను. దాదాపు రెండు గంటలు పట్టింది. చావింటికి బిగుతు నిక్కరుతో, నెత్తిన హెల్మెట్‌తో వచ్చిన నలభై అయిదేళ్ళ ఆడదాన్ని చూసి వీధిలోని ముసలమ్మలు ఏడుపు ఆపేశారు. ఒకామె లేచి వచ్చి తన భుజం మీది తువ్వాలు తీసి నా నడుముకు చుట్టింది. తిరిగి వెళ్ళి తన చోట కూర్చుని ఏడుపు అందుకుంది. అత్త చూసి ఉంటే పడీ పడీ నవ్వేది. ఆ మాట మనసులో అనుకున్నాకే నాకు ఏడుపు వచ్చింది.

ఆమె మా నాన్నకు చెల్లెలు. గుడియాత్తానికి దగ్గర పల్లెలో ఇచ్చారు. ఆమెకు ముప్పై అయిదేళ్ళప్పుడే మామ పోతే, అయిదెకరాల చేను, ఒక్క కొడుకు, ఒక బావి ఆమె చేతికి వచ్చాయి. వేరుశెనగ వేసేది, కొబ్బరి దింపించేది, ఎవరికీ తలవంచేది కాదు. గడియారాన్ని కుడి మణికట్టుకు, అద్దం లోపలివైపుకు వచ్చేలా కట్టుకునేది. పచ్చి వేరుశెనగ గింజలు రెండు ఎప్పుడూ బుగ్గన ఉండేవి. లెక్క పెట్టేది అరవంలో, తిట్టేది తెలుగులో. నాకు తెలుగు అక్షరాలు చిత్తూరు నుంచి వచ్చిన మా అమ్మ నేర్పింది కాబట్టి ఇది రాస్తున్నాను. అత్తకు తెలుగు చదవడం రాదు. ఆమె బతికి ఉన్నా దీన్ని నేనే చదివి వినిపించాల్సి వచ్చేది, మధ్యమధ్యలో "అది అట్ల కాదు" అని ఆమె ఆపుతూ ఉండేది.

మా బంధువుల పిల్లల్లో ఈత వచ్చినవాళ్ళందరూ ఆమె చేని బావిలో నేర్చుకున్నవాళ్ళే. మా వైపు మగవాళ్ళు ఈత నేర్పితే పద్ధతి ఒకటే. మాటల్లో పెట్టి వెనకనుంచి తోసేస్తారు. మునిగి, తేలి, నీళ్ళు తాగి పిల్లలు ఎలాగో గట్టుకు వస్తే అందరూ చప్పట్లు కొడతారు. అత్తకు ఆ పద్ధతి గిట్టేది కాదు. మన నడుముకు నూలు తాడు కట్టి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, బావి మెట్టు మీద నిలబడి కొస పట్టుకునేది. నాలుగయిదు రోజులు అలా ఈదించాక, "వదుల్తా ఉండా" అని మనకు వినపడేలా చెప్పి, మనం సరే అన్నాకే తాడు వదిలేది. ఎనిమిదేళ్ళప్పుడు నేను ఆమెతో పోట్లాడాను.

"చెప్పకుండా వదలొచ్చు కదా అత్తా. చెప్తే నాకు భయమేస్తాది."

"భయమేస్తే ఎయ్యనీ. నాకు తెలిసి నీకు తెలీకుండా ఉంటే అది మోసం" అంది.

ఆ మాట అప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. ఎక్కాల్సిన సమయం వచ్చినప్పుడూ ఎక్కలేదు. అదే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నేను వేలూరులో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. రోజంతా ఇతరుల రక్తం చూసే నేను నలభై దాటాక ఒకరోజు నా రక్తం చూసుకున్నాను. షుగరు అంచుమీద ఉంది. నడక మొదలుపెట్టాను, నడక పరుగైంది, పరుగు గుంపులో ఒకామె సైకిలు అంటించింది. అలా రెండేళ్ళకు ట్రయథ్లాన్ అనే పిచ్చి పట్టుకుంది. మా ఆయన "మోకాళ్ళు అరిగిపోతే నన్నడగొద్దు" అన్నాడు. మా అమ్మాయి ఫోనులోంచి తలెత్తలేదు. అత్త ఒక్కతే పని ఆపి కూర్చుని వివరాలు అడిగింది.

"మొదట ఈత అత్తా, దగ్గర దగ్గర రెండు కిలోమీటర్లు. ఆపైన సైకిలు తొంభై. ఆపైన ఇరవై ఒకటి పరుగు. అంతా ఒకే దినం, ఎనిమిదిన్నర గంటల్లో అయిపోవాల."

"మధ్యలో అన్నం?"

"లేదు."

"ఎవురు చెప్పినారు ఈ పని చెయ్యమని?"

"ఎవురూ చెప్పలా. నాకే బుద్ధి పుట్టింది."

"సరి. ఈత యాడ?"

"సముద్రంలో."

అత్త బుగ్గన ఉన్న గింజను ఇటునుంచి అటు మార్చింది. "దానికి గోడ ఉండదే" అంది.

ఆమె అన్నది ఎంత నిజమో సముద్రంలో మొదటిసారి దిగిన రోజే తెలిసింది. బావిలో మేము ఎడమచేతి పక్కన గోడ ఉండేలా చూసుకుని గుండ్రంగా తిరుగుతాం. అలసిపోతే రాయి పట్టుకుంటాం. ఏళ్ళ తరబడి అలా తిరిగిన ఒంటికి అదే దారి. సముద్రంలో నేరుగా పోతున్నానని నేను అనుకుంటూనే కుడికి తిరిగి, ఇంకా తిరిగి, బయలుదేరిన చోటుకే వచ్చేదాన్ని. కాపలా పడవలో ఉన్న మనిషి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. నాతో వచ్చినవాళ్ళు నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. అత్తకు చెప్తే ఆమె నవ్వలేదు.

"బావిలో నేర్చింది బావి మాదిరే తిరుగుతాది. నీ తప్పు కాదులే, నాది. నేనే సరిచేస్తా" అంది.

ఆ ఏడు వానలు బాగా పడి వాళ్ళ ఊరి చెరువు నిండింది. ప్రతి ఆదివారం పొద్దున నేను నీళ్ళలో, ఆమె కట్టమీద. పది బారలకు ఒకసారి తలెత్తి ఆమెను చూసుకుని ఈదాలి, ఆమె నడుస్తూ పోతుంది. చీర రంగు దూరానికి ఆనలేదని, రెండో వారం నారింజ రంగు ప్లాస్టిక్ బిందె నెత్తిన బోర్లించుకుని వచ్చింది. దారిన పోయేవాళ్ళు "ఏమ్మా, కొళాయిలో నీళ్ళు రాలేదా?" అని అడిగితే "మా మేనకోడలికి దారి చూపిస్తాండా, పోండప్పా" అనేది. ఆమెకు అప్పటికి అరవై ఎనిమిది. ఒక మోకాలు సరిగా వంగేది కాదు. కట్ట ఆ కొసనుంచి ఈ కొసకు ఎన్నిసార్లు తిరిగేదో నేను లెక్కపెట్టలేదు. నా బారలే నేను లెక్కపెట్టుకున్నాను.

అయిదో నెలలో ఆమె కట్టమీద మధ్యలో కూర్చోవడం మొదలైంది. తలెత్తి చూస్తే బిందె కనపడేది కాదు. ఒకరోజు ఒడ్డుకొచ్చి చూస్తే ఆమె ముంజేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు. "ఎద్దు కొమ్ము తగిలింది" అంది. రెండు చేతులకూ తగలదు కదా. ఇంటికి తీసుకుపోయి రక్తం తీసి, సాయంత్రం మా ల్యాబులో నేనే గాజు పలక మీద పూత పూసి మైక్రోస్కోపులో చూశాను. ఉండకూడని క్యాన్సరు కణాలు ఉన్నాయి, చాలా ఉన్నాయి. మా డాక్టరుగారిని పిలిచాను. ఆయన చూసి, లేచి, నా భుజం మీద చెయ్యి వేశారు.

నేను ఫోను తీసి బావకు చేశాను.

ఇప్పటికీ నన్ను నేను అడిగే ప్రశ్న ఇదే. ఆ రక్తం అత్తది. ఫోను అత్తకు చెయ్యాలి. కానీ ఆ క్షణంలో ఆ ఆలోచనే రాలేదు. మా ఇళ్ళల్లో జబ్బు పేరు జబ్బున్న మనిషికి తప్ప అందరికీ తెలుస్తుంది. కాగితం కొడుకు చేతికి పోతుంది, కొడుకు నుంచి అల్లుళ్ళకు, వియ్యంకులకు. అది ప్రేమే అనుకుంటాం. బావ ఫోనులో ఏడ్చి, "అమ్మకు చెప్పొద్దు పాపా. రక్తం తక్కువుండాదని చెప్దాం" అన్నాడు. నేను సరే అన్నాను. పెద్దాసుపత్రిలో చేర్చాం. రక్తం తక్కువ అన్నాం. నాట్రంపల్లి నుంచి, ఆర్కాడు నుంచి బంధువులు వచ్చి, ఎన్నడూ లేనంత తియ్యగా మాట్లాడి పోయారు. పదో రోజుకు మంచం కింద మూడు సంచుల ఆపిల్ పండ్లు చేరాయి.

అత్త ఆ సంచుల వైపు చూసి నన్నడిగింది. "పాపా, నువ్వు చూసినావు కదా నా రక్తం. ఏముండాది దాంట్లో?"

"రక్తం తక్కువ అత్తా, అంతే" అన్నాను, ఆమె కళ్ళలోకి చూస్తూ.

సాయంత్రం డాక్టరమ్మ వస్తే అత్త ఆమెను అరవంలో సూటిగా అడిగేసింది. ఆవిడ సూటిగా చెప్పింది. మరునాడు నేను పోయేసరికి అత్త గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తిరగకుండానే మాట్లాడింది.

"నేను నీకు చెప్పకుండా ఎన్నడన్నా తాడు వదిల్నానా?"

ఆ మాట తర్వాత ఆమె నాతో మాట్లాడటం మానేసింది. కొడుకును రెండు రోజుల్లో క్షమించింది. "వాడు పిరికోడు, వానికేం తెలుసు" అని. నన్ను మాత్రం కాదు. నేను చూసినదాన్ని, తెలిసినదాన్ని.

అయితే ఆమె కోపం కూడా ఆమె మాదిరే ఉండేది, పని చెడనిచ్చేది కాదు. మందు పనిచేసి కొంత తేరుకుని ఇంటికి వచ్చాక నేను పోతే, నా ముందే తన కోడలితో, అంటే బావ భార్యతో, "ఆయమ్మను కాఫీ తాగమను" అనేది. నేను బయలుదేరేటప్పుడు సైకిలు హ్యాండిలుకి ఉడకబెట్టిన వేరుశెనక్కాయల సంచి వేలాడుతూ ఉండేది, ఎవరు తగిలించారో ఎవరూ చెప్పేవారు కాదు. చెరువులో నేను ఒంటరిగా ఈదాను. బిందెను కట్టమీద కర్రకు తగిలించి చూశాను. అది కదలదు కదా. ఎన్నోసార్లు కుడికి తిరిగిపోయి తుంగలో చిక్కుకున్నాను. పందెం మానేద్దామని కూడా అనుకున్నాను.

పందేనికి ముందురోజు బావ ఫోను చేశాడు. వెనక అత్త గొంతు వినపడుతూనే ఉంది.

"అమ్మ చెప్పమనింది పాపా. దూరం చూడొద్దంట. ముందు ఏదుండాదో దాన్నే చూడాలంట."

"చెప్పరా," వెనకనుంచి అత్త, "కట్టమీద నన్ను ఎతుక్కున్నట్టు ఆడ ఎతుక్కోవద్దని చెప్పు. నేనుండనని చెప్పు."

"వినపడిందా?" అన్నాడు బావ.

"వినపడింది. ఆమెనే మాట్లాడమను బావా."

"కుదరదంట" అన్నాడు బావ, పాపం, మధ్యలో నలిగిపోతూ.

మరునాడు తెల్లవారుతుండగా వందలమంది మధ్య, నడుముల్లోతు నీళ్ళలో నిలబడ్డాను. కూత వేశారు. మొదటి అయిదు నిమిషాలు ఎవరి కాలు నా మొహాన తగిలిందో, ఎవరి వీపున నా చెయ్యి పడిందో తెలియదు. గుంపు నన్ను దాటిపోయింది. ఒంటరిగా మిగిలాక అరవంలో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒణ్ణు, రెండు, మూణు. పదికి తలెత్తితే దారి గుర్తుగా తేలుతున్న నారింజ రంగు గాలి బుడగ కనపడింది. అది అత్త కాదని నాకు తెలుసు. ఆమె ఉండనని ముందే చెప్పింది. చెప్పి ఉండకపోతే నేను తప్పకుండా ఒడ్డంతా ఆమె కోసం వెతికేదాన్ని, దారి తప్పేదాన్ని. ముందున్న బుడగనే చూశాను, అది దాటాక దాని ముందున్నదాన్ని. నీళ్ళలోంచి బయటికొచ్చేసరికి ఈత గడువుకు నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నాయి.

సైకిలు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఎండ, ఎదురుగాలి, నోట్లో ఇసుక. పరుగులో పదో కిలోమీటరు దగ్గర వాంతి అయింది, పద్నాలుగు దగ్గర పిక్కలు పట్టేశాయి. నడిచాను. నడుస్తూ ఏడ్చాను. నొప్పికి కాదు. ఇంత కష్టపడి ఇది ముగిస్తే అత్త నాతో మాట్లాడుతుందని నాలో ఎక్కడో బేరం నడుస్తోందని ఆ రోడ్డు మీద నాకు తెలిసిపోయింది. పతకం తెచ్చి చూపించి మాట తెచ్చుకోవాలని. అది కుదిరేది కాదని కూడా తెలిసింది. అయినా నడక ఆపలేదు. గడువు ఇంకా పదకొండు నిమిషాలు ఉందనగా గీత దాటాను. నా వెనక ముగ్గురే ఉన్నారు.

ఫోను చేస్తే బావ ఎత్తి, స్పీకరు పెట్టాడు. "అమ్మా, ముగించేసిందంట" అన్నాడు. అత్త గొంతు వినపడింది. "ఆయమ్మను ఉప్పేసిన గంజి తాగమను. నీళ్ళొకటే తాగితే పడిపోతాది."

వారం తర్వాత పతకం తీసుకుపోయి ఆమె ఒళ్ళో పెట్టాను. అరచేతిలో ఎత్తి బరువు చూసింది. తిప్పి చూసింది. "ఇత్తడా?" అని కోడల్ని అడిగింది. తీసుకుపోయి మోటారు కొట్టంలో, స్టార్టరు పెట్టె పక్కన మేకుకు తగిలించింది. రోజూ ఆమె చెయ్యి పడే చోటు అదే. నాతో మాత్రం మాట లేదు.

అలా ఒక ఏడాది గడిచింది. నెలకొకసారి బావ ఆమెను కారులో మా ల్యాబుకు తీసుకొచ్చేవాడు. రక్తం నన్ను తియ్యనిచ్చేది కాదు. నాతో పనిచేసే ఆమె ముందు కూర్చుని చెయ్యి చాపేది. కాగితం బావ తీసుకునేవాడు. బాగుందనే వచ్చేది, నాకు ప్రాణం లేచొచ్చేది.

ఆమె పోవడానికి అయిదు వారాల ముందు, వాళ్ళు వచ్చిన రోజు సంగతి. కారు దిగి నాలుగు మెట్లు ఎక్కడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. బావ ఎదుటి వరుసలో టీ అంగడికి పోయాడు. నాతో పనిచేసే ఆమె సూది సిద్ధం చేసుకుని పిలిస్తే అత్త కదలలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని, నా ఎదురుగా కూర్చుంది. జాకెట్టు చెయ్యి పైకి మడిచి, ముంజెయ్యి నా ముందు పెట్టింది.

"నువ్వే తియ్యి" అంది.

ఏడాదిన్నర తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. నరం దొరకడం కష్టమైంది. నేను మళ్ళీ మళ్ళీ వేలితో తడుముతుంటే ఆమె చూసి, "నిదానం" అంది. తీశాను. పత్తి పెట్టి, మోచెయ్యి మడిచి ఒత్తిపట్టుకోమన్నాను.

"చూసి ముందు నాకు చెప్పు. వానికి కాదు" అంది.

లోపలికి పోయి పూత పూశాను, ఆరనిచ్చాను, రంగు వేశాను. మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. చూడటానికి ఎక్కువసేపు అవసరం లేకపోయింది. డాక్టరుగారు కూడా చూశారు. ఆ గది నుంచి బయటి గదికి పది అడుగులు ఉండదు. ఆ పది అడుగులు వేసి ఆమె ముందు నేలమీద కూర్చున్నాను.

"అత్తా, మళ్ళీ వచ్చేసింది. ముందుకంటే ఎక్కువుండాది. ఈసారి మందుకు లొంగేది కష్టం."

"ఎన్ని దినాలు?"

"సరిగ్గా చెప్పలేను. ఒక నెల. కొంచెం అటూ ఇటూ."

నా మొహం నుంచి ఆమె చూపు తియ్యలేదు. నేనూ తియ్యలేదు. తర్వాత ఆమె ఊపిరి వదిలింది, బరువు దించుకున్నట్టు.

"సరి. భయంగానే ఉండాది పాపా" అంది. "అయినా పరవాలేదు. ఇప్పుడు పోయి వానికి చెప్పు. మెల్లిగా చెప్పు."

నేను లేచి తలుపు తీసుకుని బయటికి వచ్చాను. రోడ్డుకు అవతల బావ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. రోడ్డు దాటే ముందు వెనక్కి తిరిగి చూశాను. అద్దం తలుపు లోపల అత్త వీపు నిటారుగా పెట్టి కూర్చుని నావైపే చూస్తోంది. రక్తం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. నేను వదలమని చెప్పడం మరిచిపోయాను. ఆమె ఇంకా మోచెయ్యి మడిచి, ఆ పత్తిని ఒత్తిపట్టుకునే ఉంది.